తిరుపతిలో కొత్తగా కాపురం: కారు కొనాలా, ఇల్లు ఎటువైపు తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వచ్చే నెల రాజమండ్రి నుంచి తిరుపతికి మారుతున్నారు. మీవారికి రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, మీకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో. పాప రెండో తరగతి. అత్తగారిని నెలకోసారి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించాలి. ఉన్నది ఒక్క స్కూటరు. కారు లేకుండా గడుస్తుందా, బస్సులూ ఆటోలూ ఎలా ఉంటాయి, ఇల్లు ఏ వైపు చూసుకోవాలి?

గడుస్తుంది. మొదటి ఏడాది కారు కొనకండి. ఇల్లు మీ ఉద్యోగం వైపు, అంటే పడమర వైపు తీసుకోండి, మీవారి ఉద్యోగం వైపు కాదు. రెండో స్కూటరు మాత్రం కొనాల్సి రావచ్చు. ఎందుకు ఇలా చెబుతున్నానో కింద రాస్తున్నాను, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను ఇక్కడ మెడికల్ రెప్‌ని. రోజంతా బండి మీదే పని. పొద్దున రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వైపు, మధ్యాహ్నం ఊర్లో క్లినిక్‌లు, వారంలో కొన్ని రోజులు చంద్రగిరి, పాకాల, ఇంకొన్ని రోజులు శ్రీకాళహస్తి, పుత్తూరు. మా కంపెనీకి బయటి జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చే పిల్లలకి ఇల్లు చూసిపెట్టే పని కూడా ఎలాగో నా మీదే పడింది. మీరడిగినవే వాళ్ళూ అడుగుతారు.

ముందు ఊరి సంగతి. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డం, అటు ఊరు పెరగడానికి లేదు. అందుకని తూర్పుకి రేణిగుంట దాకా, పడమరకి చంద్రగిరి దాకా, దక్షిణాన తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట వైపు సాగుతూ పోయింది. మధ్యలో రైలు పట్టాలు తూర్పు పడమరలుగా ఊరిని రెండు ముక్కలు చేస్తాయి. పట్టాలకి ఉత్తరం వైపు గోవిందరాజస్వామి గుడి, పాత ఊరు, అలిపిరి, ఆసుపత్రులు. ఇటు నుంచి అటు దాటాలంటే ఉన్నవి కొన్ని వంతెనలు, అండర్ బ్రిడ్జిలే, రద్దీ అంతా వాటి దగ్గరే. ఇంటి నుంచి ఆఫీసు ఎన్ని కిలోమీటర్లు అని అందరూ చూస్తారు. దారిలో పట్టాలు ఎన్నిసార్లు దాటాలి, బస్టాండు ముందు నుంచి పోవాలా వద్దా అన్నది ఎవరూ చూడరు. చూడాల్సింది అది.

రెండోది, ఇది మీకు రాజమండ్రిలో అలవాటు లేనిది. ఇక్కడ రోడ్లు రెండు రకాల జనానికి. మనలాంటి వాళ్ళం బడికీ ఆఫీసుకీ పోయి వచ్చేవాళ్ళం. కొండకి వచ్చేవాళ్ళు వేరే. వాళ్ళకి పొద్దూ రాత్రీ తేడా లేదు, తెల్లవారుజామున మూడింటికి కూడా బస్టాండు కళకళలాడుతూనే ఉంటుంది. ఆర్టీసీ, ఆటోలు, ట్రావెల్స్, హోటళ్ళు అన్నీ ముందు వాళ్ళని చూసుకుంటాయి, తర్వాతే మనం. ఉదాహరణకి 2022 సెప్టెంబరులో తిరుపతికి 100 ఎలక్ట్రిక్ బస్సులు ఇచ్చారు. అందులో సగం నేరుగా కొండకే, మిగతావి విమానాశ్రయానికీ కడప, నెల్లూరు, మదనపల్లె లాంటి ఊళ్ళకీ. ఎం.ఆర్.పల్లి నుంచి ఆసుపత్రికి పోవాల్సిన ముసలమ్మకి ఒక్కటీ రాలేదు. తప్పు పట్టడం కాదు, ఊరికి అన్నం పెట్టేది కొండే. కానీ ఇక్కడ కాపురం పెట్టేవాళ్ళకి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇల్లు. మీ యూనివర్సిటీ చంద్రగిరి రోడ్డు వైపు, పడమర. మీవారి ఫ్యాక్టరీ దానికి సరిగ్గా ఎదురు దిక్కు. రేణిగుంట తిరుపతి నుంచి సుమారు 10 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడో తీసుకుంటే ఇద్దరికీ న్యాయం అని అందరికీ అనిపిస్తుంది. నా మాట వినండి, మధ్య అంటే బస్టాండు, లీలామహల్, తిలక్ రోడ్డు, అంటే యాత్రికుల రద్దీ నడుమ. బాడుగ ఎక్కువ, బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, శనివారం వస్తే వీధి దాటడమే గగనం. మావాడొకడు మొదట అక్కడే తీసుకున్నాడు, లాడ్జీల మధ్య ఇల్లు, రాత్రంతా వ్యాన్లు, హారన్లు. ఆ పిల్లవాడికి నిద్ర లేక ఏడాది తిరక్కుండానే మారిపోయాడు.

మీ లెక్క ఇలా వేసుకోండి. రేణిగుంట, కరకంబాడి వైపు పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు షిఫ్టుకి బస్సు పంపుతాయి. మీవారి కంపెనీకి బస్సు ఉందేమో, ఏయే స్టాపుల్లో ఆగుతుందో చేరకముందే హెచ్.ఆర్. వాళ్ళని అడిగి రాయించుకోండి. బస్సు ఉంటే ఆయనకి దూరం బాధ లేదు, కూర్చుని నిద్రపోతూ పోవచ్చు. మీకు అలాంటిది లేదు, పైగా పాపని బడిలో దింపడం, తీసుకురావడం, అత్తగారి ఆసుపత్రి, ఇవన్నీ ఎక్కువగా మీ మీదే పడతాయి, చెప్పకపోయినా అంతే కదా. అందుకే ఇల్లు మీ వైపు. బాలాజీ కాలనీ, ఎం.ఆర్.పల్లి, వైకుంఠపురం చూడండి. బాడుగ ఇంకా తక్కువ కావాలంటే పేరూరు, తుమ్మలగుంట, కానీ అక్కడ రాత్రిపూట ఆటో దొరకడం కష్టం, సొంత బండి తప్పదు.

కంపెనీ బస్సు లేకపోతే? అప్పుడూ నా సలహా ఇదే. ఆయన బండి మీద పోయేటట్టయితే ఊరి మధ్యలోంచి పోనక్కర్లేదు. తిరుచానూరు రోడ్డు వైపు నుంచి కపిలతీర్థం దాకా ఉన్న పెద్ద ఫ్లైఓవర్, శ్రీనివాస సేతు, 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు, దాదాపు 7 కిలోమీటర్లు. అది కట్టినన్నాళ్ళూ బస్టాండు ముందు మేం పడ్డ అగచాట్లు చెప్పుకుంటే పెద్ద కథ, ఇప్పుడు మాత్రం హాయి. ఎక్కే దారి, దిగే దారి రెండు మూడు సార్లు ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు తిరిగి చూసుకోమనండి, దిగాల్సిన చోట దిగకపోతే ఎక్కడో తేలతారు, వెనక్కి రావడానికి మళ్ళీ ఆ కింది రద్దీలోనే దూరాలి. ఇంకో దారి కూడా ఉంది, చంద్రగిరి వైపు నుంచి తనపల్లి మీదుగా రేణిగుంట వైపు పోయే హైవే. దూరం ఎక్కువ, సిగ్నళ్ళు తక్కువ. లారీలు జోరుగా పోతాయి కాబట్టి పగటి షిఫ్టుకైతే సరే, రాత్రి షిఫ్టుకి స్కూటరు మీద ఆ దారిన పంపకండి.

రైలు సంగతి కూడా అడుగుతారేమో. తిరుపతి నుంచి రేణిగుంటకి రైళ్ళు ఉన్నాయి, ఎక్కితే తొందరగానే దింపుతాయి, కానీ మీవారి షిఫ్టు టైముకి రైలు, రైలు టైముకి షిఫ్టు కలవవు. రోజువారీకి దాన్ని నమ్ముకోవద్దు.

బస్సులు. ఊరి లోపల సిటీ బస్సు అని విశాఖలో, విజయవాడలో చూసినట్టు ఇక్కడ ఉండదు. కానీ మీ విషయంలో అదృష్టం ఏమిటంటే మీరు పోయేది చంద్రగిరి రోడ్డు. చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం వైపు పోయే పల్లెవెలుగులు అటే పోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితం. ఆధారో, ఓటరు కార్డో, రేషన్ కార్డో ఏదో ఒకటి దగ్గర పెట్టుకోండి, కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు, అది తప్పకుండా తీసుకోండి, చెకింగ్ వస్తే చూపించాల్సింది అదే. కొండకు పోయే సప్తగిరి బస్సులకి, పక్క రాష్ట్రాలకి పోయే బస్సులకి ఈ ఉచితం వర్తించదు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది కొండ బస్సు ఎక్కి కండక్టరుతో వాదన పెట్టుకుంటారు.

బస్టాండు ఒకటే అనుకోకండి. ఒకే ఆవరణలో శ్రీహరి, శ్రీనివాస, ఏడుకొండలు అని మూడు భాగాలు. కొండ బస్సులు ఒక చోట, దూరం ఊళ్ళవి ఇంకో చోట. అలిపిరి దగ్గర బాలాజీ లింక్ బస్టాండు వేరే. ఎవరైనా 'బస్టాండులో ఉన్నా, రా' అంటే ఏ భాగంలో, ఏ ప్లాట్‌ఫారం దగ్గర అని అడక్కుండా బయల్దేరకండి.

ఆటోలు. మీటరు అనే వస్తువు మర్చిపోండి. షేర్ ఆటోలే ఈ ఊరి అసలు బస్సులు. బస్టాండు నుంచి తిరుచానూరు, రేణిగుంట రోడ్డు, మంగళం, ఇటు బాలాజీ కాలనీ మీదుగా ఎం.ఆర్.పల్లి, ఇవన్నీ నడిచే దారులు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపితే ఆగుతారు. బాడుగ ఎంత అని అడగకుండా పక్కన కూర్చున్న ఆడమనిషి ఎంత ఇస్తుందో చూసి అంతే ఇవ్వండి, అడిగారంటే కొత్తవాళ్ళని తెలిసిపోతుంది. ఒంటరి ఆటో మాట్లాడుకునేటప్పుడు స్టేషన్ గేటు ముందూ బస్టాండు గేటు ముందూ ఎప్పుడూ మాట్లాడకండి. నాలుగడుగులు నడిచి పక్క రోడ్డులోకి వస్తే రేటు తగ్గుతుంది, ఇది నూటికి నూరుపాళ్ళు. గేటు దగ్గర నిలబడ్డ ఆటోవాడు గంటసేపు లైన్లో ఉండి యాత్రికుడి కోసం కాచుకున్నవాడు, మీ ఎం.ఆర్.పల్లి ట్రిప్పు వాడికి గిట్టుబాటు కాదు, అందుకే ఆ రేటు చెబుతాడు. వాడి మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు.

రాపిడో, ఊబర్ లాంటివి కూడా ఉన్నాయి. ఊరి మధ్యలో బాగానే దొరుకుతాయి. శివారు కాలనీలకి బుక్ అయ్యాక ఫోన్ చేసి ఎక్కడికి అని అడిగి క్యాన్సిల్ చేసే రకం కూడా ఉంది. అందుకే ఇంటి దగ్గర ఆటో స్టాండులో ఒక మంచి డ్రైవరుని చూసుకుని నంబరు తీసుకోండి. అత్తగారి ఆసుపత్రికీ, రాత్రి రైలుకీ, వానలో బడికీ అతనే దిక్కు. నాలుగు సార్లు పిలిస్తే అతనే ఇంటి మనిషిలా చూసుకుంటాడు. మా ఇంట్లో మా అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేను కాదు, మా వీధి చివరి ఆటో అన్న.

ఆటోవాళ్ళకి చిరునామా చెప్పేటప్పుడు డోరు నంబరు, కాలనీ పేరు పనికిరావు. ఇక్కడ అందరికీ తెలిసినవి గుర్తులు. నాలుగు కాళ్ళ మండపం, కృష్ణాపురం ఠాణా, టౌన్ క్లబ్, అన్నమయ్య సర్కిల్, లీలామహల్, నంది సర్కిల్. లీలామహల్ ఎటు, టౌన్ క్లబ్ ఎటు అన్నది మొదటి వారంలోనే బుర్రకెక్కించుకోండి.

పాత ఊర్లోకి, అంటే గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, గాంధీ రోడ్డు, తీర్థకట్ట వీధి, భేరి వీధి వైపు బట్టలకో పూజ సామానుకో పోతే బండి దూరంగా పెట్టి నడవండి. కారు ఉన్నవాళ్ళు కూడా అక్కడికి కారులో పోరు.

స్విమ్స్. ఇది మీకు ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా. స్విమ్స్, బర్డ్, రుయా అన్నీ అలిపిరి పోయే దారిలోనే, దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంటే మీ ఆసుపత్రి దారీ యాత్రికుల దారీ ఒకటే. ఎం.ఆర్.పల్లిలో ఇల్లుంటే బాలాజీ కాలనీ మీదుగా రుయా వైపు పోవచ్చు, బస్టాండు వైపు తిరగనక్కర్లేదు. పడమర వైపు ఇల్లు అనడానికి ఇది ఇంకో కారణం. మీ చేతిలో ఉంటే అపాయింట్‌మెంటు మంగళ, బుధ, గురువారాల్లో పెట్టించుకోండి. సోమవారం ఓపీలో జనం జాస్తి, ఆదివారం దర్శనం చేసుకుని తిరిగిపోయేవాళ్ళ బళ్ళు కూడా అప్పుడే. పొద్దున తొందరగా పోవాలి, ఎనిమిదిన్నర దాటాక పోతే చీటీ దగ్గరే ఎండెక్కిపోతుంది. పెద్దావిడని స్కూటరు మీద తీసుకుపోకండి, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ మా ఊరిది. ఆటోలో గేటు దాకా పోయి దిగండి. సొంత కారులో వచ్చేవాళ్ళు లోపల చోటు కోసం చుట్లు తిరుగుతుంటే ఆటోలో వచ్చినవాళ్ళు చీటీ రాయించుకుని కూర్చుని ఉంటారు, రోజూ చూస్తాను.

బడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇంటివైపే ఉండాలి, పట్టాలు దాటే పని ఉండకూడదు, అంతే. పేరున్న బడి అని ఊరికి ఆ చివర వేసి పిల్లని గంట ముందు నిద్రలేపి వ్యానులో తిప్పేవాళ్ళు ఉన్నారు. రెండో తరగతికి అంత అవసరమా? బడి ఆటో అయితే ఎంతమంది పిల్లల్ని ఎక్కిస్తాడో కళ్ళతో చూసి మాట్లాడండి.

వాన. కోస్తా వాళ్ళకి వానలంటే జూన్, జులై. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తమిళనాడు వైపు వాయుగుండాలు వచ్చినప్పుడు. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీళ్ళలో ఉంది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. దానికి ముందు నెలలోనే ఎం.ఆర్.పల్లి దగ్గర వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళలో కారు చిక్కుకుని, కొత్తగా పెళ్ళయిన అమ్మాయి చనిపోయింది. వాళ్ళు బయటి ఊరి వాళ్ళు, రాత్రిపూట నీళ్ళెంత లోతో తెలియలేదు. నేను మీకు చెప్పే ఏరియా ఆ పక్కదే కాబట్టి గట్టిగా చెబుతున్నా: పెద్ద వాన పడితే ఏ అండర్ బ్రిడ్జిలోకీ దిగొద్దు, ఫోన్లో మ్యాప్ అదే దారి చూపించినా సరే, ముందు బండి పోయినా సరే. చుట్టు తిరిగి పోండి లేదా ఆగిపోండి. ఇల్లు చూసేటప్పుడు కూడా ఆ వీధిలో కిరాణా కొట్టువాళ్ళని అడగండి, 2021లో ఇక్కడ నీళ్ళు ఎంత దాకా వచ్చాయి అని. ఇంటి ఓనరుని అడిగితే రాలేదనే అంటాడు.

క్యాలెండరు. కొన్ని రోజుల్లో ఊరు మన చేతిలో ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా చెన్నై, బెంగళూరు బళ్ళు. వేసవి సెలవులు మొత్తం. పెరటాసి నెల, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, అందులోనూ శనివారాలు, తమిళనాడు నుంచి జనం విరగబడతారు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు అలిపిరి వైపు పోకూడదు అని రాసిపెట్టుకోండి, ఆ రోజు ఘాట్ మీద టూవీలర్లు కూడా ఆపేస్తారు. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, జనవరి ఒకటి. కార్తీకంలో తిరుచానూరు పంచమి తీర్థం రోజు ఆ రోడ్డు మొత్తం మళ్ళిస్తారు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, అది మన ఊరి పండగ, అప్పుడు బండి ఇంట్లో పెట్టి నడిచి వెళ్ళి చూసి రండి, ఆ వేషాలు ఎక్కడా చూసి ఉండరు. ఇవి కాక పెద్దవాళ్ళు ఎవరైనా దర్శనానికి వస్తే రేణిగుంట విమానాశ్రయం నుంచి కాన్వాయ్ పోయేదాకా మనల్ని ఎక్కడికక్కడ ఆపేస్తారు. మీవారికి అది బాగా అలవాటవుతుంది.

ఇక ఎవరూ అడగని, అందరికీ ఎదురయ్యే కష్టం. చుట్టాలు. తిరుపతిలో ఇల్లు తీసుకున్నారని తెలిసిన మర్నాటి నుంచి మీ ఇల్లు సత్రం. పెళ్ళిలో ఒకసారి కనబడ్డ వాళ్ళ తోడికోడలి అన్న కూడా ఫోన్ చేస్తాడు. రాజమండ్రి వైపు నుంచి శేషాద్రి, తిరుమల ఎక్స్‌ప్రెస్‌లు నేరుగా తిరుపతి స్టేషన్‌కే వస్తాయి, ఆ వచ్చేవాళ్ళతో ఇబ్బంది లేదు. ముంబై, చెన్నై మధ్య తిరిగే రైళ్ళు చాలావరకు రేణిగుంటలో ఆగి అటే పోతాయి, తిరుపతికి రావు, వాటిల్లో వచ్చేవాళ్ళకి రేణిగుంట నుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకోమని ముందే చెప్పండి. అర్ధరాత్రి దిగి 'వచ్చి తీసుకుపో' అంటే ఒకసారి పోతారు, రెండుసార్లు పోతారు, తర్వాత?

వాళ్ళని కొండకు మీరు తీసుకుపోకండి, ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. బస్టాండులో ఏడుకొండలు దగ్గర దింపండి, అంతే మీ బాధ్యత. స్టేషన్, బస్టాండుల నుంచి అలిపిరికి టీటీడీ ఉచిత బస్సులు కూడా తిరుగుతాయి. నడిచి ఎక్కుతామంటే అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388. శ్రీవారి మెట్టు మీ చంద్రగిరి రోడ్డు వైపే, శ్రీనివాసమంగాపురం దాటి పోవాలి. సామాను అలిపిరిలో ఇచ్చేస్తే పైకి వాళ్ళే చేరుస్తారు. చిరుతల భయం వల్ల చిన్నపిల్లలతో నడిచేవాళ్ళకి టైము నియమాలు పెడుతుంటారు, అవి మారుతూ ఉంటాయి కాబట్టి ఆ వారం ఏముందో చూసుకుని పంపండి.

మీరే స్కూటరు మీద కొండకు పోవాలనుకుంటే పోవచ్చు. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. దిగే రోడ్డు 1944 నాటిది, మలుపులు ఎక్కువ. కొత్తలో ఇద్దరు పెద్దవాళ్ళు పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆ రోడ్డున దిగొద్దు, బస్సు ఎక్కండి. రాత్రిపూట టూవీలర్లని వదలరు. కార్లకైతే 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ ఉండాల్సిందే.

ఒక లాభం కూడా ఉంది. ఆధార్‌లో చిరునామా తొందరగా తిరుపతికి మార్పించుకోండి. స్థానికులకి ప్రతి నెలా మొదటి మంగళవారం దర్శనం కోటా 2024 డిసెంబరు నుంచి మళ్ళీ ఇస్తున్నారు. ఆధార్‌లో ఇక్కడి చిరునామా లేకపోతే మీరు ఎన్నేళ్ళు ఉన్నా స్థానికులు కారు.

ఆఫీసు పనులకి ఇంకా చిత్తూరు పోవాలేమో అని కొందరు అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరయినప్పటి నుంచి ఆ అవసరం లేదు, కలెక్టరేట్‌ని తిరుచానూరు దగ్గర పద్మావతి నిలయంలో పెట్టారు. చిత్తూరు ఇక్కడి నుంచి 70 కిలోమీటర్ల చిల్లర, కాణిపాకం పోవాలనుకున్నప్పుడు పోతే చాలు. మీ స్కూటరు తూర్పు గోదావరి నంబరుతో ఉన్నా ఫర్వాలేదు, రాష్ట్రం ఒకటే కాబట్టి మళ్ళీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రైల్లో పార్సిల్ వేసేయండి, పెట్రోలు మాత్రం పూర్తిగా తీసేయాలి.

రెండో బండి కొనేటట్టయితే ఎలక్ట్రిక్ స్కూటరు ఆలోచించండి. ఊరి లోపల ఎత్తులు లేవు, మీ రోజు తిరుగుడు అంతా కలిపి పెద్ద దూరం కాదు. అద్దె ఇంట్లో కింద పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టుకోనిస్తారా అని అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి, ఇచ్చాక అడిగితే కరెంటు బిల్లు పేరు చెప్పి మెలిక పెడతారు.

మరి కారు ఎప్పుడు? అత్తగారికి నడక బాగా తగ్గి నెలకోసారి కాక వారానికోసారి ఆసుపత్రికి పోవాల్సి వస్తే, లేదా మీవారికి రాత్రి షిఫ్టు పడి కంపెనీ బస్సు లేకపోతే, అప్పుడు కొనండి. అంతవరకు ఎప్పుడైనా శ్రీకాళహస్తికో తలకోనకో పోవాలంటే ట్రావెల్స్ కారు మాట్లాడుకోండి, వారం మధ్యలో అడిగితే రేటు తగ్గుతుంది, శనివారం అడిగితే వాళ్ళు చెప్పిందే రేటు. మీవారి కంపెనీ బస్సు సంగతి తెలిశాక ఇక్కడే రాయండి, స్టాపు ఎక్కడో చెబితే దానికి నడిచిపోయేంత దూరంలో ఏ వీధులు బాగుంటాయో చెబుతాను.